గాజుగుడ్డ మడ్‌గార్డు

సీటక్కకు ఒక పాడు అలవాటు ఉంది. ఎక్కడ గుడ్డ కనబడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడందే ఊరుకోదు. ఒకసారి బ్యాంకులో వరసలో నిలబడి, ముందున్న పెద్దమనిషి చొక్కా చెయ్యి పట్టుకుని నలిపేసింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, "ఇంకో నాలుగు ఉతుకులకి మోచెయ్యి దగ్గర పోతుందండీ, ఇప్పుడే ఓ కుట్టు వేయించుకోండి" అని సలహా కూడా పారేసింది. పాపం, ఆయనకు కోప్పడాలో దండం పెట్టాలో తెలియలేదు.

ఆమె అసలు పేరు ఆ మోటారు షెడ్ల వీధిలో సగం మందికి తెలియదు. కార్ల సీట్లకు కవర్లు కుడుతుంది కాబట్టి సీటక్క. ఆమెకు యాభై ఏళ్లు. అరవై ఏళ్లవాళ్లూ అక్కా అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. వీధి చివర టైర్ల కొట్టు పక్కన రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు ఆమెది. లోపల ఓ మూల కుట్టుమిషను, పొడవాటి బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే కాగితం అచ్చులు. ఒక్కో అచ్చు మీద ఒక్కో కారు పేరు సుద్దతో రాసి ఉంటుంది.

ఆ కుట్టుమిషను కొనిచ్చింది అన్నయ్య. అమ్మానాన్నా పోయాక ఆమెను పెంచిందీ ఆయనే. ఇరవై ఏడేళ్ల కిందట కొత్త టాక్సీ కొన్న నెలలోనే, దాని నెత్తిన కట్టుకుని మిషను తెచ్చి ఇంట్లో దించాడు. దాని మీద ఆమె మొట్టమొదట కుట్టింది ఆ టాక్సీ సీట్ల కవర్లే. ఎలా కుట్టిందంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు! ఒక పక్క లాగితే ఇంకో పక్క ఉబ్బేది. కుట్టు బయల్దేరిన చోటు ఒకటి, చేరిన చోటు ఇంకొకటి. ఆ కవర్లతోనే అన్నయ్య నాలుగేళ్లు తిరిగాడు. ఎవరైనా ఎక్కి, "ఇదేం కుట్టయ్యా బాబూ, ఎవరు కుట్టారు?" అని నవ్వితే, అద్దంలోంచి వాళ్ల ముఖంలోకి సూటిగా చూసి, "మా చెల్లెలు కుట్టింది" అనేవాడు. అంతే. ఆ గొంతు విన్నాక ఇంకెవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఒకసారి సీటక్క వెనక సీట్లో ఉండగానే ఆ మాటన్నాడు. పక్కన కూర్చున్నావిడ ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆవిడ దిగేదాకా సీటక్క తల వంచుకునే కూర్చుంది.

ఆ తర్వాత ఆమె చేతిలో ఎన్ని వందల కార్లు ముస్తాబయ్యాయో లెక్కలేదు. అన్నయ్య మాత్రం అదే టాక్సీ. అరవై రెండేళ్లొచ్చినా రోజూ ఆయనే తుడుస్తాడు, ఇంకొకరి చెయ్యి పడనివ్వడు.

అలాంటి బండిని ఓ పొద్దున ఒక లారీ వెనక్కి వస్తూ వస్తూ గుద్దేసింది. ఎడమ హెడ్‌లైటు పగిలింది. చక్రం మీద వంపు తిరిగి ఉండే మడ్‌గార్డు, అసలే కింద తుప్పు తిన్నది, నలిగి రెండు చీలికలైంది. సరిగ్గా తొమ్మిది రోజుల్లో బండిని ఏటేటా చేయించే ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాలి. అంత పాత టాక్సీలకు ఒక మెలిక ఉంది. గడువులోగా పాసైతే సరే, లేకపోతే పర్మిట్ పోతుంది, మళ్లీ ఇవ్వరు. పర్మిట్ పోతే ఆ బండి తుక్కు కిందే లెక్క. ఈ వయసులో ఆయనకు ఇంకొకరు స్టీరింగ్ ఇవ్వరు.

హెడ్‌లైటు పాత సామాన్ల కొట్లో దొరికింది. మడ్‌గార్డు దొరకలేదు. ఆ రకం కార్లు చేయడం కంపెనీ మానేసి పదిహేనేళ్లయింది. కొట్ల వీధంతా తిరిగితే ఒక్కటంటే ఒక్కటి కనబడింది, అదీ జల్లెడలా ఉంది. ఎత్తి చూస్తే అవతలున్న కొట్టువాడి ముఖం కనిపించింది.

"ఇంకేం చేస్తాంలే" అని అన్నయ్య బండిని చెల్లెలి షెడ్లో వదిలి నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. ఆ నడక చూసి సీటక్క చేతిలో కుట్టు పక్కన పడేసి రోడ్డు దాటింది.

ఎదురు షెడ్లో రేకులు సరిచేసే సుత్తి బాబాయ్ ఉంటాడు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉన్నందుకు ఒకటి, నోరు తెరిస్తే ఆపనందుకు ఒకటి, ఆ పేరు రెండు విధాలా సార్థకం. ఆయనా చూసి పెదవి విరిచాడు. "ఆకారం వరకు కొట్టి నిలబెడతానమ్మాయ్. బోల్టు బిగిస్తే మాత్రం రాలిపోద్ది. లోపలంతా పొడే."

అప్పుడు తట్టింది సీటక్కకు. ఆ మధ్య ఒక బస్సు ముందు భాగం పగిలితే ఇద్దరు మనుషులు వచ్చి, తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద తేనెలాంటిదేదో పూసి, సాయంత్రానికి రాయిలా గట్టిపరిచి వెళ్లిపోయారు. సీటక్క ఊరుకుంటుందా? వెళ్లి గుడ్డ నలిపి చూసింది. రెండు రోజులు వేళ్లు దురదపెట్టి చచ్చింది.

"బాబాయ్, ఆ తెల్లగుడ్డతో చేస్తే?"

"దాన్ని ఫైబర్‌గ్లాస్ అంటారమ్మాయ్. గాజుని దారాలు తీసి నేస్తారు. పూసేది రెజిన్. దానికి వేరే పనివాళ్లున్నారు, వాళ్ల చుట్టూ నెల్రోజులు తిరగాలి."

"నెల ఎక్కడేడ్చింది? ఉన్నది తొమ్మిది రోజులు. అయినా గుడ్డే కదా!"

"గుడ్డేలే గానీ..."

"గుడ్డయితే నాకొదిలెయ్. రేకు సంగతి నువ్వు చూసుకో."

బాబాయ్ చెప్పిన పద్ధతి ఇది. నలిగిన మడ్‌గార్డును ఆయన ఆకారానికి తెస్తాడు. దానికి మైనం పట్టించి, పైన గుడ్డా రెజినూ పేర్చి ఆరనిస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు లోపల మళ్లీ గుడ్డా రెజినూ పేరిస్తే కొత్త మడ్‌గార్డు. వినడానికి రెండు ముక్కలే.

మర్నాడు పొద్దున్నే రెజిన్ షాపుకు వెళ్లింది. లోపల అడుగుపెట్టగానే ముక్కు పుటాలు అదిరే వాసన. గోడ పొడవునా డబ్బాలు, వాటి వెనక నిలువెత్తు గుడ్డ చుట్టలు. షాపాయన కళ్లద్దాలు ముక్కు చివరికి జారవిడిచి చూశాడు.

"ఎవరు పంపించారమ్మా? చీటీ ఏది?"

"చీటీ లేదండీ. నేనే చూసి తీసుకుంటా."

"చూసి తీసుకోడానికి ఇదేమన్నా బట్టల షాపా?"

"గుడ్డలు కనబడుతున్నాయిగా. అయితే బట్టల షాపే."

ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించలేక చుట్టల వైపు చూపించాడు. సీటక్క ఒక్కొక్కటీ నలిపింది. అన్నింటికంటే ముందున్న రకాన్ని మ్యాట్ అంటారట. అసలు నేతే లేదు, బెత్తెడు బెత్తెడు పోగులు అడ్డదిడ్డంగా పడేసి అతికించినట్టుంది. "ఇది నేసిందా, కోడి కెలికిందా?" అని పక్కకు నెట్టింది. చివరి చుట్ట దగ్గర ఆమె కళ్లు మెరిశాయి. మందంగా, బిగువుగా, లారీ సీటుకు వేసినా పదేళ్లు చెక్కుచెదరనంత నేత.

"మ్యాట్ లేకుండా ఉత్త నేతగుడ్డతో ఎలాగమ్మా..." అని షాపాయన మొదలుపెట్టాడు.

"పాతికేళ్ల నుంచి గుడ్డ పట్టుకుంటున్నానండీ" అంది సీటక్క. ఆయన భుజాలెగరేసి కొలిచి ఇచ్చాడు. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు మహాతల్లి.

ఇప్పుడు జరిగింది వింటే మీరు నవ్వుతారు, నవ్వండి. షెడ్డుకొచ్చిన సీటక్క ఆ గుడ్డంతా బకెట్లో తడిపింది. కొత్త గుడ్డను తడిపి ఆరేయకుండా కత్తెర పెట్టడం ఆమె దృష్టిలో పాపం. తడపనిది కుట్టాక కుంచించుకుపోతుంది, ముడతలు పడుతుంది. ఆ పాఠం మొదటి కవర్లతోనే నేర్చుకుంది. అందుకని శుభ్రంగా తడిపి, పిండి, తాడు మీద ఆరేసి, మర్నాడు తాకి చూసి పొడిగా ఉందనుకుని కత్తిరించింది. రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ చుక్కలు కలిపి, బాబాయ్ నిలబెట్టిన మడ్‌గార్డు మీద పొర తర్వాత పొర పేర్చింది. గుడ్డ వంపుల దగ్గర లొంగక మొండికేస్తే పిడికిలితో నొక్కిపెట్టింది.

నాలుగో రోజు పొద్దున వచ్చి చూస్తే ఏముంది! పాలు విరిగినట్టు ఎక్కడికక్కడ తెల్లటి మరకలు. వేలు పెడితే జిగురు. అంచు పట్టుకుని లాగితే తడిసిన అట్టలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. సుత్తి బాబాయ్ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమేమిటి! అక్కడే సీటక్కకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో అన్నయ్య వచ్చాడు. కారు డ్యాష్‌బోర్డులోని తన కళ్లజోడు, తువ్వాలు, చిల్లర డబ్బా తీసుకోవడానికి వచ్చాడు. అవి తీసుకుంటున్నాడంటే అర్థం ఏమిటో ఆమెకు తెలుసు.

"వదిలెయ్యవే" అన్నాడు మెల్లగా. "తుక్కు కొనేవాడితో మాట్లాడాను. దానికి రోజులు నిండాయి. నీ చేతులు చూసుకో, ఎలా ఎర్రగా కందిపోయాయో."

"ఇంకా అయిదు రోజులుంది అన్నయ్యా. ఆ డబ్బా అక్కడే పెట్టు."

"నా మాట విను."

"పెట్టమన్నానా!"

అన్నయ్య డబ్బా ఉన్నచోటే పెట్టి వెళ్లిపోయాడు. అన్నయ్య మీద గొంతు లేపడం ఆమెకు జన్మలో అదే మొదటిసారి. చేసింది తప్పేనని తెలుసు, అయినా ఆ డబ్బా అక్కడుంటేనే ఆమెకు ధైర్యం.

పాడైపోయిన ముక్కను సంచీలో వేసుకుని మళ్లీ రెజిన్ షాపుకు వెళ్లింది. నలుగురు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ బల్ల మీద దాన్ని పెట్టి, "నేను ఏదో తప్పు చేశానండీ. ఏం తప్పో చెప్పండి" అంది.

షాపాయన ముక్కను అటూ ఇటూ తిప్పాడు, వాసన చూశాడు. "తడి తగిలింది. వానలో పెట్టారా?"

"లేదండీ. కత్తిరించే ముందు తడిపి ఆరేశా."

"తడిపారా!" ఆయన కళ్లద్దాలు జారి బల్ల మీద పడ్డాయి. ఆయనా, పక్కనున్న నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సీటక్క ముఖం కందగడ్డలా ఎర్రబడింది, కానీ కదల్లేదు. వాళ్ల నవ్వు అయ్యేదాకా నిలబడింది. విచిత్రంగా, అందరికంటే ముందు నవ్వాపింది షాపాయనే.

"ఇన్నేళ్లలో పాడైన ముక్క పట్టుకుని చాలామంది వచ్చారమ్మా. అందరూ నా సరుకు మంచిది కాదని పోట్లాడ్డానికే. తప్పు నాదీ అంటూ వచ్చింది మీరొక్కరే. లోపలికి రండి" అన్నాడు.

ఆ లోపలి గదిలో ఒక గంటలో ఆమె నేర్చుకున్నది ఇంతా అంతా కాదు. గాజు కుంచించుకుపోదు కాబట్టి తడపక్కర్లేదు. పైగా తడి దానికి విషం, కంటికి ఆరినట్టున్నా నేత సందుల్లో దాక్కుంటుంది. మరీ బిగువు నేత రెజిన్‌ను తాగదు, వంపులకు లొంగదు. ఆమె కోడి కెలికిందన్న మ్యాట్ అసలు సూత్రం వేరు. దాని పోగుల్ని పట్టి ఉంచే జిగురు రెజిన్ తగలగానే కరిగిపోతుంది, అప్పుడది ఎటు వంచితే అటు వంగుతుంది. అందుకే ముందు పల్చటి మ్యాట్, వెనక మందపు మ్యాట్, బోల్టులు పడే చోట బలానికి వదులు నేతగుడ్డ.

"అన్ని రెజిన్లలోనూ కరుగుతుందాండీ ఆ జిగురు?" అడిగింది సీటక్క.

షాపాయన ఆమె వైపు ఓసారి చూశాడు. "మంచి ప్రశ్న. కరగదు. ఎపాక్సీ అని ఖరీదైన రకం ఉంది, దాంట్లో ఈ మ్యాట్ మొండికేస్తుంది. ఖరీదెక్కువ కదా అని అది కొని నెత్తి కొట్టుకున్నవాళ్లున్నారు. మీకు మామూలు పాలిస్టర్ రెజినే సరి."

"ఒక్క చుక్క వేసి చూపిస్తారా?"

ముక్క చించి చుక్క వేశాడు. తెల్లటి పోగులు చూస్తుండగానే నీళ్లలా స్వచ్ఛమై మెత్తబడ్డాయి. సీటక్కకు ముద్దొచ్చింది. ఇక ఆమె చేతులకు రెక్కలొచ్చాయి. రెజిన్ డబ్బా మూత తీయించి పుల్ల ముంచి ఎత్తింది. తీగలు తీగలుగా సాగింది. "ఇది పాతదండీ, వేరేది తీయండి." డబ్బా మీద తేదీ చూస్తే నిజమే. తర్వాత మందపు మ్యాట్ చుట్ట దగ్గర ఆగి, అరచెయ్యి తిప్పి వెనక వైపు ఆనించింది.

"ఇదొద్దండీ. చెమ్మగా ఉంది."

"మొన్ననే వచ్చిన సరుకమ్మా అది."

"కావచ్చండీ. గోడకి ఆనించారు."

షాపాయన నమ్మలేదు. చుట్టను పక్కకు జరిపాడు. వెనక గోడ మీద అరచెయ్యంత తడి మరక, చుట్ట అడుగు అంచున అదే మరక. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు రోజూ ఇటొచ్చి పోతూ ఉండండి" అన్నాడు. పాతికేళ్లు వేళ్లతో చేసిన చాకిరీ వృథా పోలేదని ఆ క్షణం సీటక్కకు ఛాతీ ఉప్పొంగింది.

షెడ్డుకొచ్చి ఆమె చేసిన మొదటి పని, మడ్‌గార్డు మీద పాత కాగితాలు పరిచి సీటు కవరుకు తీసినట్టే అచ్చులు తీయడం. పదకొండు ముక్కలు, ప్రతిదానికీ నంబరు. వంపులు తిరిగే చోట నేతగుడ్డను నిలువున కాకుండా ఏటవాలుగా, క్రాసులో కత్తిరించింది. క్రాసులో కోసిన గుడ్డ ఎంత మొండి వంపుకైనా ఒదుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మడత పడే చోట చిన్న గాటు పెట్టి అంచు మీద అంచు ఎక్కించింది. చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ. గ్లాసులో కొలిచి కొంచెం కొంచెమే రెజిన్ కలిపి, రోలరుతో బుడగ అన్నది లేకుండా తరిమి తరిమి కొట్టింది. ఆరో రోజు గాజుగుడ్డ అచ్చు. ఏడో రోజు అచ్చులో మడ్‌గార్డు.

ఎనిమిదో రోజు చెక్కముక్క దూర్చి మెల్లగా తట్టింది. టప్పుమని ఊడొచ్చింది. నున్నగా, ఒక్క మరక లేకుండా, చేత్తో ఎత్తితే రేకులో సగం బరువు లేదు.

"అమ్మాయ్" అన్నాడు సుత్తి బాబాయ్. "ఈ బాడీ పనిలో జుట్టు నెరిసింది నాది. క్రాసు కటింగు రేకుల షెడ్లోకి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు." ఆ తర్వాత మామూలుగానే గంటసేపు ఆపకుండా మాట్లాడాడు, మాట్లాడుతూనే రంగు కలిపి కొట్టాడు. నాలుగు బోల్టుల్లో మూడు గూట్లో పడ్డట్టు పడ్డాయి. నాలుగోదానికి రంధ్రం కొద్దిగా ఆకురాయితో అరగదీయాల్సి వచ్చింది.

సాయంత్రం అన్నయ్యను వదిన బలవంతాన పంపింది. ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొత్త మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా చాలాసేపు ఉంచాడు. "రంగు బాగా కలిసింది" అన్నాడు. తర్వాత తువ్వాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన తుడిచాడంటే బండి మళ్లీ ఆయనదైనట్టే.

తొమ్మిదో రోజు పరీక్ష మైదానంలో వరసలో నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు తాళాల గుత్తికి చిన్న అయస్కాంతం ఉంటుంది. తుప్పు చిల్లులకు పుట్టీ నింపి రంగేసి తెచ్చేవాళ్లను పట్టుకోవడానికి దాన్ని బండి మీద ఆనించుకుంటూ పోతాడు. గుత్తి నుంచి ఊడదీసి బానెట్ మీద పెట్టాడు, అంటుకుంది. తలుపు మీద పెట్టాడు, అంటుకుంది. ఎడమ మడ్‌గార్డు మీద పెట్టి చెయ్యి వదిలాడు. జారి మట్టిలో పడింది.

సీటక్క ఇన్నాళ్లూ వంపులు చూసుకుంది, రంగు చూసుకుంది, ఈ ఒక్కటీ తోచలేదు.

"ఏమయ్యా పెద్దాయనా, ఇక్కడ రేకే లేదే! పుట్టీతో నడిపించేశావా?"

ఇన్‌స్పెక్టరు బొటనవేలితో నొక్కాడు. లొంగలేదు. అంచు పట్టుకుని ఊపాడు. కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, చక్రం పైన తల దూర్చి టార్చి వేసి లోపలి వైపు చూశాడు. అక్కడ గాజు నేత రెజిన్‌లోంచి పలకరిస్తూ కనిపిస్తోంది. క్రాసులో ఒదిగిన ముక్కలు, అంచు మీద అంచు, బోల్టుల దగ్గర మూడు పొరలు. ఎవరూ చూడని లోపలి వైపు కూడా ఒక్క పోగు చెదరలేదు. ఆయన బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు.

"గట్టి సరుకే. ఏ కంపెనీది? ఎవరు చేశారు?"

సీటక్క నోరు తెరిచింది. మ్యాట్ సంగతీ, రెజిన్ సంగతీ, పదకొండు ముక్కల సంగతీ చెప్పబోయింది. ఆమె కంటే ముందే అన్నయ్య ఇన్‌స్పెక్టరు ముఖంలోకి సూటిగా చూశాడు.

"మా చెల్లెలు కుట్టింది."

"కుట్టడమేంటయ్యా, ఇది..." అని మొదలుపెట్టిన ఇన్‌స్పెక్టరు ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. కాగితం బానెట్ మీద పెట్టి సంతకం చేసి ముద్ర కొట్టాడు.

వరసలో ఉన్న డ్రైవర్లందరూ తిరిగి సీటక్క వైపు చూశారు. ఈసారి ఆమె తల వంచుకోలేదు. మట్టిలో పడ్డ అయస్కాంతాన్ని తీసి, తుడిచి, ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.